మిరప తొడిమలు తీసే యంత్రానికి పేటెంటు: ఫీజు రాయితీ కంటే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే అత్యవసరమైన మాట ముందు చెబుతాను. "లోపలి అమరిక కావాలంటే ఇక్కడే బొమ్మ గీసి వివరిస్తాను" అని మీరు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. నాకూ చెప్పవద్దు, ఇక్కడ ఇంకెవరు అడిగినా చెప్పవద్దు. ఎందుకో కింద రాస్తాను.

మిగతా పాఠకుల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా: గుంటూరు జిల్లాలో మీకు చిన్న వర్క్‌షాపు ఉంది. సంస్థ మీ ఒక్కరి యాజమాన్యంలో ఉంది, చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించారు. ఎండు మిరపకాయకు తొడిమ ఊడదీసే యంత్రాన్ని మీరూ మీ లేతు మేస్త్రీ గారూ కలిసి రెండేళ్లు కష్టపడి తయారు చేశారు. ఐదు నెలల కిందట ఒక రైతు మేళాలో పెట్టారు, వీడియో యూట్యూబులో ఉంది. రెండు యంత్రాలు శీతల గిడ్డంగుల దగ్గర ప్రయోగం కోసం నడుస్తున్నాయి. ఈలోగా పక్క ఊరిలో ఒకరు అచ్చం అలాంటిదే చేసి అమ్మడం మొదలుపెట్టారు. చిన్న సంస్థలకు పేటెంటు ఫీజులో 80 శాతం రాయితీ అని చదివారు. మీరు కలిసిన పేటెంట్ ఏజెంటు (దరఖాస్తు రాసి దాఖలు చేసే నిపుణుడు) మాత్రం 60 వేలు అడుగుతున్నారు. రాయితీ ఉన్నప్పుడు ఇంత ఖర్చు ఎందుకు, పేటెంటు వేయాలా వద్దా, స్టార్టప్‌గా మారాలా, పేటెంటు చూపిస్తే బ్యాంకు అప్పు ఇస్తుందా అని అడిగారు.

నేను మెకానికల్ ఇంజినీరుగా మొదలై, పద్దెనిమిదేళ్లుగా పేటెంట్ ఏజెంటుగా పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మీలాంటి చిన్న పరిశ్రమల వారే. ప్రభుత్వం ఇచ్చే రాయితీ నిజమైనదే, మంచిదే. అయితే అది మీ మొత్తం ఖర్చులో చిన్న భాగాన్నే తగ్గిస్తుంది. చిన్న సంస్థ నష్టపోయేది వేరే రెండు చోట్ల. దరఖాస్తు వేయకముందే యంత్రాన్ని నలుగురికీ చూపించడం ఒకటి. వేసిన దరఖాస్తులో ఏం రాశారో చూసుకోకపోవడం రెండోది. మొదటిది మీ విషయంలో కొంత జరిగిపోయింది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మన పేటెంట్ చట్టం ప్రకారం దరఖాస్తు తేదీ నాటికి ఆ ఆవిష్కరణ ప్రపంచంలో ఎక్కడా వెల్లడై ఉండకూడదు. వెల్లడించింది స్వయంగా ఆవిష్కర్తే అయినా సరే. అమెరికా చట్టంలో ఆవిష్కర్త తానే బయటపెడితే ఏడాది లోపు దరఖాస్తు వేసుకునే వెసులుబాటు ఉంది. ఆ సంగతి ఎక్కడో చదివి, మన దేశంలోనూ అంతేననుకుని తీరిగ్గా పదో నెలలో నా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. వారికి చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఏదీ లేకపోయింది. మన చట్టంలో 31వ సెక్షన్ కింద ఒక మినహాయింపు ఉంది గానీ, అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు, శాస్త్ర సంఘాల ముందు చదివిన పత్రాలకు, అలాంటి కొద్ది సందర్భాలకు మాత్రమే. అప్పుడు కూడా 12 నెలల లోపు దరఖాస్తు వేయాలి. 2024 మార్చిలో నిబంధనలు సవరించినప్పుడు దీనికోసం ఫారం 31 అని ప్రత్యేకంగా పెట్టారు. మీ రైతు మేళాకు అలాంటి గెజిట్ ప్రకటన ఉండే అవకాశం చాలా తక్కువ. నిర్వాహకులను ఒకసారి రాతపూర్వకంగా అడగండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

గిడ్డంగుల దగ్గర నడుస్తున్న రెండు యంత్రాల సంగతి కాస్త మెరుగు. యంత్రాన్ని నలుగురిలో నడిపి చూడక తప్పనప్పుడు, అది కేవలం పరీక్ష కోసమే అయితే, ఏడాది వరకు దానివల్ల హక్కు పోదని 32వ సెక్షన్ చెబుతుంది. మిరపకాయను వర్క్‌షాపులో పది కిలోలు పోసి పరీక్షిస్తే ఏమీ తెలియదన్నది ఆ పని చూసినవారెవరైనా ఒప్పుకుంటారు. తేమ ఎక్కువైతే తొడిమ సాగుతుంది, మరీ ఎండితే కాయ పగిలి గింజ రాలుతుంది, గింజ రాలితే తూకం పోతుంది. లాట్లకు లాట్లు పోసి చూస్తేనే యంత్రం పనితనం తెలుస్తుంది. కాబట్టి ఇది పరీక్షేనని మీరు వాదించవచ్చు. అయితే ఆ ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చి ఉంటే అది పరీక్ష అని నిరూపించడం కష్టం. తీసుకోకపోతే, ఏ తేదీన పెట్టారు, ఎన్ని బస్తాలు పోశారు, ఏం మార్చారు అన్నది ఇవాళే ఒక నోటుపుస్తకంలో రాసి, ఆ గిడ్డంగి వారి సంతకం తీసుకోండి. మూత విప్పి లోపల ఎవరికీ చూపించబోమని కూడా ఆ కాగితంలోనే రాయించండి.

ఇక వీడియో. దాన్ని ఆపి ఆపి, ఒక్కో దృశ్యం దగ్గర నిలిపి చూడండి. మూత వేసి ఉందా, తీసి ఉందా? ఒకవైపు కాయలు పోస్తే మరోవైపు తొడిమలు లేని కాయలు వస్తున్నాయని మాత్రమే కనిపిస్తుంటే, తొడిమలు తీసే యంత్రం మీ దగ్గర ఉందన్న సంగతి వెల్లడైంది గానీ ఎలా తీస్తుందో వెల్లడి కాలేదు. మీ అసలు ఆవిష్కరణ ఆ "ఎలా"లోనే ఉంది. మేళాలో మూత తీసి చూపించి ఉంటే మాత్రం ఆ అమరిక వరకు దాదాపు చేజారినట్టే. వీడియోను ఇప్పుడు తొలగించినా జరిగిన వెల్లడి రద్దు కాదు. అయినా తొలగించండి, కనీసం కొత్తగా చూసేవారు ఉండరు. మేళా తరువాత ఈ ఐదు నెలల్లో మీరు చేసిన మార్పులు ఏమైనా ఉంటే అవి ఇంకా మీవే. మీరు ప్రశ్నలో "ఇప్పుడు గింజ రాలడం బాగా తగ్గింది" అని రాశారు. నేను మీ ప్రశ్న మొత్తంలో రెండుసార్లు చదివిన వాక్యం అదే. తగ్గడానికి కారణమైన మార్పు మేళాలో ఎవరూ చూడలేదు కదా? మీ దరఖాస్తు దాని మీద నిలబడాలి.

పక్క ఊరి ఆయన గురించి: ఇవాళ్టికి ఆయన మీద మీకు చట్టపరమైన హక్కు ఏదీ లేదు. కోపంతో నోటీసు పంపకండి. ఆయనే ముందుగా పేటెంటు వేస్తే ఎలా అన్నది మీ భయం కావచ్చు. వేసినా, మీ మేళా తేదీ, వీడియో తేదీ చూపించి ఆయన దరఖాస్తును ఎదిరించవచ్చు. మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే వీలు మన చట్టంలో ఉంది. అందుకే వీడియోను తొలగించే ముందు తేదీతో సహా దాని ప్రతిని దాచుకోండి.

ఇప్పుడు ప్రభుత్వ విధానం సంగతికి వస్తాను. జాతీయ మేధో సంపత్తి హక్కుల విధానాన్ని కేంద్ర మంత్రివర్గం 2016 మే 12న ఆమోదించింది. అందులో ఏడు లక్ష్యాలు ఉన్నాయి: ప్రజల్లో అవగాహన, కొత్త హక్కుల సృష్టి, చట్టాల పటిష్ఠత, కార్యాలయాల నిర్వహణ, హక్కులను వ్యాపారంగా మార్చుకోవడం, ఉల్లంఘనలను అరికట్టడం, నిపుణుల తయారీ. పదేళ్లలో అవగాహన, దరఖాస్తులు, కార్యాలయాల వేగం, ఈ మూడింటిలో మార్పు నేను కళ్లారా చూశాను. నేను ఈ పనిలో చేరిన కొత్తలో పేటెంట్ కార్యాలయం దరఖాస్తును పరిశీలించి ఇచ్చే పరీక్షా నివేదిక కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం, విచారణ అంటే చెన్నైకి రైలెక్కేవాళ్లం. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోనివి. ఇప్పుడు విచారణ వీడియోలోనే జరుగుతుంది. దేశం మొత్తం మీద 2014-15లో 42,763 పేటెంట్ దరఖాస్తులు వస్తే, 2023-24లో 92,168 వచ్చాయి. 2022 జనవరి నుంచి మార్చి వరకు వచ్చిన 19,796 దరఖాస్తుల్లో 10,706 మనవాళ్లవే. స్వదేశీ దరఖాస్తులు విదేశీ దరఖాస్తులను దాటడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ సంఖ్య పెరిగినంతగా పత్రాల్లో పస పెరగలేదన్నది నా గట్టి అభిప్రాయం. హక్కులను సొమ్ము చేసుకోవడం, ఉల్లంఘించినవారిని నిలువరించడం, ఈ రెండు లక్ష్యాల దగ్గర చిన్న సంస్థకు అందిన ఆసరా చాలా తక్కువ. దరఖాస్తు వేసేవరకు చెయ్యి పట్టుకుని నడిపించే పథకాలు ఉన్నాయి. ఆ తరువాత ఎవరూ లేరు.

ఫీజుల లెక్క ఒకసారి చూడండి. ఆన్‌లైన్‌లో వేసే పేటెంట్ దరఖాస్తుకు పెద్ద కంపెనీ కట్టేది 8,000 రూపాయలు, చిన్న సంస్థగానీ స్టార్టప్‌గానీ వ్యక్తిగానీ కట్టేది 1,600. పరీక్ష కోసం అభ్యర్థనకు వారికి 20,000, మీకు 4,000. అంటే మామూలు మార్గంలో వెళితే మీరు ప్రభుత్వానికి కట్టేది 5,600 రూపాయలు. పత్రం 30 పేజీలు దాటితే పేజీకి 160, క్లెయిములు (మీ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు) పది దాటితే ఒక్కోదానికి 320 అదనం. త్వరగా పరీక్షించాలని కోరే సౌకర్యం కూడా చిన్న సంస్థలకు ఉంది. దానికి 4,000 బదులు 8,000 కట్టాలి, దరఖాస్తును గడువు కంటే ముందే ప్రచురించమని కోరే ముందస్తు ప్రచురణకు మరో 2,500. మీ విషయంలో అనుకరణ అప్పుడే మొదలైంది కాబట్టి ఈ మార్గం తీసుకోమనే చెబుతాను. ఒంటరి యాజమాన్య సంస్థలో దరఖాస్తుదారు మీరే, వ్యక్తిగా. అందువల్ల తక్కువ ఫీజు మీకు ఎలాగూ వర్తిస్తుంది. త్వరిత పరీక్షకు మాత్రం చిన్న సంస్థ అన్న రుజువు కావాలి. మీ ఉద్యమ్ పత్రం అక్కడ ఫారం 28తో పాటు పనికొస్తుంది.

మంజూరయ్యాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కించి మూడో ఏడాది నుంచి ఇరవయ్యో ఏడాది వరకు ఏటా కట్టవలసిన నిర్వహణ రుసుము వేరే ఉంది. మొదట ఏడాదికి 800తో మొదలై చివరికి 8,000కు చేరుతుంది. మొత్తం 20 ఏళ్లూ ఉంచుకుంటే 76,800 రూపాయలు అవుతుంది. పెద్ద కంపెనీకి ఇదే 3,84,000. యంత్రం అమ్ముడుపోవడం ఆగిపోతే కట్టడం ఆపేయవచ్చు, బలవంతం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ 60 వేల సంగతి. ఆ ఏజెంటు ఎవరో నాకు తెలియదు, ఆయన అడిగింది ఎక్కువో తక్కువో కూడా ఇక్కడినుంచి చెప్పలేను. పదివేలకే పని పూర్తి చేస్తామనేవారు కూడా మీకు దొరుకుతారు. తేడా ఎక్కడుంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఎనిమిదేళ్ల కిందట పసుపు ఉడికించే యంత్రం చేసిన ఒకాయన నా గదికి వచ్చారు. పేటెంటు అప్పటికే వేరేచోట చవకగా వేయించుకున్నారు, మంజూరు కూడా అయింది. పత్రాన్ని లామినేషన్ చేయించి తెచ్చారు. ఆయన యంత్రాన్ని చూసి మరొకరు తయారు చేసి అమ్ముతున్నారు, దావా వేయాలన్నది ఆయన కోరిక. ఆయన ఆవిష్కరణ చాలా తెలివైనది. ఆవిరితో పసుపు ఉడికించే డ్రమ్మును ఖాళీ చేయాలంటే మామూలుగా ఆవిరి గొట్టాన్ని విప్పాలి, డ్రమ్మును ఒంచాలి, మళ్లీ బిగించాలి. ఈయన డ్రమ్ము ఒరిగే ఇరుసునే బోలుగా చేసి, ఆవిరిని ఇరుసు లోపలి నుంచే పంపారు. గొట్టం విప్పే పని లేదు. డ్రమ్ము ఎటు ఒరిగినా ఆవిరి దారి అలాగే ఉంటుంది. పల్లెటూరి పొలంలో వేడి గొట్టంతో చేతులు కాల్చుకున్న మనిషికే తట్టే ఉపాయం అది.

పేటెంటులో హక్కు ఎంతవరకో నిర్ణయించేది క్లెయిములు. పత్రం చివర వరుస సంఖ్యలతో ఉండే వాక్యాలు అవి. పొలానికి సరిహద్దు రాళ్ల వంటివి. ముందున్న పేజీలన్నీ వర్ణన, బొమ్మలు. మొదటి క్లెయిము చదవమన్నాను. ఆయన వేలు పెట్టి ఒక్కో పదం చదివారు. చక్రాల బండి మీద అమర్చిన మూడు డ్రమ్ములు, రెండు మిల్లీమీటర్ల మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, డీజిల్‌తో మండే బాయిలరు, ఆ తరువాత చివర్లో బోలు ఇరుసు. ఆయన దగ్గరున్న యంత్రం ఎలా ఉందో అలాగే చూసి రాసేశారు. మరి అనుకరించినవారి యంత్రంలో డ్రమ్ములు ఎన్ని అని అడిగాను. రెండు అన్నారు. బాయిలరు కట్టెలతో మండుతుంది. క్లెయిములో రాసినవన్నీ ఎదుటి యంత్రంలో ఉంటేనే ఉల్లంఘన. ఒక్కటి లేకపోయినా సాధారణంగా సరిహద్దు బయట ఉన్నట్టే లెక్క. బోలు ఇరుసును యథాతథంగా ఎత్తుకుపోయిన మనిషి, ఒక డ్రమ్ము తగ్గించడంతో తప్పించుకున్నాడు. ఆ పెద్దాయన వేలు "మూడు" అన్న పదం మీదే ఆగిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు.

ఆ క్లెయిమును, అటూ ఇటూ ఒరిగే పాత్ర, దాన్ని మోసే ఇరుసు, ఆ ఇరుసు బోలుగా ఉండి ఆవిరి దాని ద్వారా పాత్రలోకి వెళ్లడం, ఇంతవరకే రాసి ఉంటే డ్రమ్ములు రెండైనా పది అయినా ఆయన హక్కు నిలబడేది. మూడు డ్రమ్ములు, స్టీలు మందం వంటివి కింది క్లెయిముల్లో ఒక్కొక్కటిగా చేర్చుకోవాలి, మొదటిది ఎక్కడైనా కూలితే వెనక నిలబడడానికి. ఇలా రాయాలంటే ఏజెంటు ముందు పాత పేటెంట్లన్నీ వెతకాలి, ఏది కొత్తదో ఏది పాతదో విడదీయాలి, మీతో కూర్చుని "ఇది లేకపోయినా యంత్రం పనిచేస్తుందా?" అని ప్రతి భాగం గురించీ అడగాలి. మీరు డబ్బు ఇస్తున్నది ఈ పనికి. కాబట్టి మీ ఏజెంటును ఫీజు తగ్గించమని అడిగే ముందు ఇవి అడగండి: వెతుకులాట నివేదిక నాకు చూపిస్తారా? యంత్రాన్ని చూడడానికి వస్తారా? అభ్యంతరాలకు జవాబు, విచారణ ఈ మొత్తంలోనే ఉన్నాయా, వేరే తీసుకుంటారా? మొదటి క్లెయిమును నాకు తెలుగులో చెప్పగలరా? చివరి ప్రశ్నకు తడబడితే ఇంకొకరిని చూసుకోండి.

స్టార్టప్‌గా మారాలా అన్నారు. కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ స్టార్టప్ గుర్తింపు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి, నమోదైన భాగస్వామ్యానికి, పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి ఇస్తుందే గానీ ఒంటరి యాజమాన్య సంస్థకు ఇవ్వదు. గుర్తింపు ఉంటే 2016 నుంచి నడుస్తున్న ఒక పథకం కింద, ప్రభుత్వం జాబితాలో పెట్టిన ఏజెంట్ల సేవా రుసుమును ప్రభుత్వమే చెల్లిస్తుంది. మీరు కట్టేది చట్టబద్ధమైన ఫీజు మాత్రమే. మంచి పథకమే. ఆ జాబితాలో చాలా శ్రద్ధగా పనిచేసేవారిని నేనెరుగుదును. అయితే నిర్ణీత రుసుముకు చేసే పనిలో ఎంత సమయం పెట్టాలన్నది ఆ ఏజెంటు మనస్సాక్షికి వదిలేసిన విషయం అయిపోయింది. నా మాట వింటే, కేవలం ఈ రాయితీ కోసం కంపెనీ పెట్టి ఆడిటర్ ఖర్చులు నెత్తిన వేసుకోవద్దు. భాగస్వామిని తెచ్చుకోవాలనో పెట్టుబడి తేవాలనో ఆలోచన ఉంటే అప్పుడు మారండి.

మీ స్థితికి సరిపోయేది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ 2022 మార్చిలో మొదలుపెట్టిన ఎంఎస్‌ఎంఈ ఇన్నోవేటివ్ పథకం. స్వదేశీ పేటెంటు మంజూరైతే లక్ష రూపాయల వరకు, విదేశీ పేటెంటుకు 5 లక్షల వరకు, ట్రేడ్‌మార్కుకు 10,000, డిజైనుకు 15,000 వరకు ఖర్చు తిరిగి ఇస్తారు. ఒక్క మెలిక ఉంది. ముందు మీ జేబులోంచి పెట్టాలి, హక్కు చేతికొచ్చాకే తిరిగి వస్తుంది. అందుకని మొదటి రోజునుంచి ప్రతి రశీదూ, ఏజెంటు ఇచ్చే ప్రతి బిల్లూ దాచండి. బిల్లు ఇవ్వని ఏజెంటుతో ఈ ఒక్క కారణానికైనా పని పెట్టుకోవద్దు.

బ్యాంకు అప్పు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బ్యాంకులు తాకట్టు ఆస్తులను స్వాధీనం చేసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టంలో పేటెంటు, ట్రేడ్‌మార్కు కూడా ఆస్తుల నిర్వచనంలో ఉన్నాయి. కానీ పేటెంటు పత్రాన్ని తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్రాంచిని ఈ పద్దెనిమిదేళ్లలో నేను చూడలేదు. దాని విలువ కట్టే పద్ధతి వారికి తెలియదు. తాకట్టు లేని అప్పుకు క్రెడిట్ గ్యారంటీ పథకాల ద్వారానే వెళ్లండి. కొత్త సంస్థలకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ల గ్రాంటుకు దరఖాస్తు పెట్టేటప్పుడు మాత్రం పేటెంటు దరఖాస్తు సంఖ్య ఉండడం బాగా ఉపయోగపడుతుంది.

నన్ను అన్నిటికంటే బాధించే లోటు ఒకటి చెప్పాలి. మీరు చేసినటువంటి పని చాలావరకు ఉన్న యంత్రాన్ని తెలివిగా మెరుగుపరచడం. జర్మనీ, చైనా, జపాన్, కొరియా దేశాల్లో ఇలాంటివాటికి యుటిలిటీ మోడల్ అనే చిన్న పేటెంటు ఉంది. త్వరగా, తక్కువ ఖర్చుతో వస్తుంది. జర్మనీలోనూ చైనాలోనూ దాని కాలం పదేళ్లు. మన దేశంలో అది లేదు. 2011లో కేంద్రం దీని మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది. అప్పట్లో మేమంతా ఉత్సాహంగా అభిప్రాయాలు రాసి పంపాం. చట్టం మాత్రం రాలేదు. నాసిరకం హక్కులు కుప్పలుగా పోగుపడతాయన్న భయం అబద్ధం కాదు. అయినా ఇక్కడి ఆటోనగర్లలో, లేతు షాపుల్లో పుట్టే ఉపాయాలకు పూర్తి పేటెంటు తప్ప మరో గొడుగు లేకపోవడం అన్యాయమని నేను నమ్ముతాను. సామర్థ్యంలో చైనా వర్క్‌షాపుకు ఏమాత్రం తీసిపోని మన మేస్త్రీ, ఈ ఒక్క చోట దానికంటే వెనక నిలబడవలసి వస్తోంది.

ఇక పోరాటం. దరఖాస్తు ప్రచురితమైన తేదీ నుంచి నష్టపరిహారం అడిగే హక్కు లెక్కకు వస్తుంది, దావా మాత్రం మంజూరయ్యాకే వేయగలరు. త్వరిత పరీక్ష కోరమన్నది ఇందుకే. దావా జిల్లా స్థాయి కంటే కింది కోర్టులో వేయడానికి లేదు. ఎదుటివారు మీ పేటెంటే చెల్లదని ఎదురుదావా వేస్తే విషయం హైకోర్టుకు వెళుతుంది. ఆ ఖర్చుకు ఏ పథకమూ సాయం చేయదు. అందువల్ల చిన్న సంస్థకు పేటెంటు ఎక్కువగా పనికొచ్చేది కోర్టు బయటే. అనుకరించేవారిని కూర్చోబెట్టి, యంత్రానికి ఇంత చొప్పున ఇచ్చి చేసుకోండి అని లైసెన్సు మాట్లాడుకోవచ్చు. మీరు ఏడాదికి నలభై యంత్రాలు చేయగలనన్నారు. అంతకు మించిన గిరాకీ వస్తే పక్క ఊరి ఆయనే రేపు మీకు రాయల్టీ కట్టే మనిషి కావచ్చు. నోటీసు పంపవద్దని పైన అన్నది ఇందుకు కూడా.

రోలరు మీద వేసే రబ్బరు మిశ్రమాన్ని రహస్యంగా ఉంచుతానన్నారు. ఇక్కడ జాగ్రత్త. పేటెంటు కోరేవారు తమకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని పత్రంలో చెప్పాలని చట్టం అంటుంది. తొడిమ ఊడడానికి ఆ మిశ్రమమే ప్రాణం అయితే, దాన్ని దాచి పేటెంటు అడగడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. రోలరు ఎక్కువ కాలం మన్నడానికి మాత్రమే అయితే దాచుకోవచ్చు. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం ఇంకా లేదు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ముసాయిదా బిల్లు ఇచ్చింది. అంతవరకు మీకున్న రక్షణ కాగితం మీద ఒప్పందమే. రబ్బరు వేసే షాపు వారితో కూడా ఒకటి రాయించుకోండి.

పేరు సంగతి చాలామంది ఆఖరికి నెడతారు, నిజానికి అన్నిటికంటే చవకైనది, ఎప్పటికీ నిలిచేది అదే. ట్రేడ్‌మార్కు దరఖాస్తుకు మీకు 4,500 రూపాయలు, యంత్రాలు ఏడో తరగతి కిందికి వస్తాయి. పదేళ్లకోసారి పునరుద్ధరిస్తూ పోతే తరతరాలు ఉంటుంది. కానీ మీరు వాడుతున్న "గుంటూరు మిర్చి కటింగ్ మెషిన్" అన్నది పేరు కాదు, వర్ణన. అది ఎవరి సొంతమూ కాదు కాబట్టి రిజిస్టరు కాదు. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ మాట జోలికి కూడా వెళ్లవద్దు. యంత్రంతో సంబంధం లేని, పలకడానికి తేలికైన పేరు ఒకటి కల్పించుకోండి. కొత్త నమూనా బయటి ఆకారం పాతదానికి భిన్నంగా ఉండబోతుంటే, మార్కెట్లోకి రాకముందే 1,000 రూపాయలతో డిజైను దరఖాస్తు కూడా వేయవచ్చు.

ప్రొవిజనల్ అని పిలిచే తాత్కాలిక దరఖాస్తుతో ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆ రోజు మీ తేదీ ఖాయమవుతుంది, పూర్తి పత్రానికి 12 నెలల గడువు దొరుకుతుంది. రెండు పేజీల ప్రొవిజనల్ వేసి చేతులు దులుపుకోవద్దు. అందులో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు. గింజ రాలకుండా చేసిన మార్పు కొలతలతో, బొమ్మతో, ఎందుకు పనిచేస్తుందన్న వివరణతో అందులో ఉండాలి.

చివరిగా మీ ప్రశ్నలో ఒక మూల దాగిపోయిన విషయం. "అసలు ఉపాయం మా మేస్త్రీది, పెద్దగా చదువుకోలేదు, ఆయనకు ఇవన్నీ అక్కర్లేదంటారు" అని రాశారు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి గురించి వినే ఉంటారు. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అర్ధవలయంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు తిప్పి తిప్పి తల్లి లక్ష్మి గారి భుజం పడిపోతుంటే చూడలేక, బడి చదువు మధ్యలో ఆపేసిన ఆ మనిషి ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. గ్రామీణ ఆవిష్కర్తలకు తోడ్పడే పల్లె సృజన వంటి సంస్థలు, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వెన్నుదన్నుగా నిలిచాయి, పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఆయన పేరుతో చెప్పుకోగలుగుతున్నాం కాబట్టే ఇవాళ నేను మీకు ఈ సంగతి రాయగలుగుతున్నాను.

మీ మేస్త్రీ గారి పేరు ఆవిష్కర్తగా పెట్టడం మీ దయ కాదు. నిజమైన ఆవిష్కర్త పేరు దాచి తెచ్చుకున్న పేటెంటును తరువాత ఎవరైనా సవాలు చేయవచ్చు, పైగా ఆయన మీ దగ్గర కూలి తీసుకున్నంత మాత్రాన ఆ ఉపాయం మీద హక్కు దానంతటదే మీకు రాదు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఆయనతో కూర్చుని, ఏ భాగం ఎవరికి తట్టిందో నిజాయితీగా రాసుకోండి. అమ్మే ప్రతి యంత్రం మీద ఆయనకు ఎంత ఇస్తారో కూడా ఆ కాగితం మీదే పెట్టి, ఆయనకు అర్థమయ్యేలా తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి, ఒక ప్రతి ఆయన చేతికి ఇవ్వండి. పేటెంటు దరఖాస్తు అయిన ఫారం 1లో ఆవిష్కర్తల గడిలో ఇద్దరి పేర్లూ రాయించండి. ఆయన పేరు ఆధార్‌లో ఉన్నట్టుగానే, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా.